పట్టుపురుగు హార్మోన్లు: జ్వరం నుంచి గూటి దాకా షెడ్డులో ఏం చేయాలి, ఏం మానుకోవాలి

పట్టు రైతుల మధ్య ఎవరైనా "హార్మోన్ మందు కొట్టా" అంటే ముందు అడగాల్సింది ఒక్కటే: ఏ హార్మోను? ఈ మందులు రెండు రకాలు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకటి పురుగును ఇంకా పురుగుగానే ఉంచి ఇంకో పూటో రోజో ఎక్కువ తినేలా చేస్తుంది. రెండోది తిండి మాన్పించి గూడు కట్టిస్తుంది. ఒకదానికి బదులు ఇంకోటి పడినా, సరైన మందే తప్పు రోజున పడినా ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. నెల రోజుల కష్టం, ఆకు, కూలీల డబ్బులు అన్నీ పోయాక ఎవరిని తిట్టుకున్నా లాభం లేదు కదా.

హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు వైపు పాత రైతులకు ఇందులో చాలా సంగతులు చేతి అలవాటుగా తెలుసు. జ్వరంలో, అంటే చర్మం విడవడానికి మేత మాని కదలకుండా కూర్చున్నప్పుడు, పురుగును ముట్టుకోకూడదని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. జనగామ, సిద్దిపేట లాంటి చోట్ల కొత్తగా షెడ్డు వేసినవాళ్లు మాత్రం "ఎందుకు?" అని అడుగుతారు, అడగాలి కూడా. ఎందుకో తెలిస్తే, పుస్తకంలో లేని పరిస్థితి వచ్చినప్పుడు సొంతంగా ఆలోచించుకోవచ్చు.

లోపల జరిగేది ఇదీ

పురుగు పెరగడం, చర్మం విడవడం, గూడు కట్టడం, ప్యూపా (గూట్లో రూపం మారే దశ) అవడం, చిలక (రెక్కల పురుగు) కావడం, వీటన్నిటినీ ప్రధానంగా రెండు హార్మోన్లు నడిపిస్తాయి. మొదటిది ఎక్డైసోన్. రొమ్ము భాగంలో ఉండే ప్రోథొరాసిక్ గ్రంథుల నుంచి వస్తుంది. ఇది ఒంట్లో ఒక్కసారిగా పెరిగిందంటే "చర్మం మార్చు" అని ఆజ్ఞ ఇచ్చినట్టే. రెండోది జువెనైల్ హార్మోన్. మెదడు వెనకాల కార్పొరా అలాటా అనే చిన్న గ్రంథుల జతలో తయారవుతుంది. చర్మం మార్చాక ఏమవ్వాలో తేల్చేది ఇది. జువెనైల్ హార్మోన్ ఉండగా ఎక్డైసోన్ పెరిగితే పురుగు చర్మం విడిచి ఇంకా పెద్ద పురుగు అవుతుంది. అది లేనప్పుడు పెరిగితే పురుగు దశ ముగిసినట్టే, ఇక గూడు, ప్యూపా. వీటి పైన మెదడు ఉంది. పురుగు తగినంత పెరిగిందని తెలిశాక పి.టి.టి.హెచ్. అనే ఇంకో హార్మోను వదిలి, ప్రోథొరాసిక్ గ్రంథులను నిద్ర లేపేది మెదడే.

ఈ సంగతి బయటపడింది చాలావరకు మన పట్టుపురుగు మీదే. 1938లో బూన్యోల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇంకా చిన్నగా ఉన్న పట్టుపురుగుల్లోంచి కార్పొరా అలాటా గ్రంథులు తీసేస్తే, అవి మిగతా జ్వరాలు చూడకుండానే బుల్లి గూళ్లు కట్టి బుల్లి ప్యూపాలు అయిపోయాయి. 1940లో జపాన్‌లో ఫుకుడా చర్మం మార్పించే హార్మోను రొమ్ము భాగం నుంచి వస్తుందని చూపించాడు. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ కలిసి 500 కిలోల పట్టు ప్యూపాల నుంచి ఎక్డైసోన్‌ను శుద్ధి చేస్తే చివరికి చేతికొచ్చింది 25 మిల్లీగ్రాములు. ఈ అంకె ఎందుకు చెబుతున్నానంటే, పురుగు ఒంట్లో పని జరగడానికి ఎంత చిన్న మోతాదు చాలో దీన్నిబట్టే తెలుస్తుంది. అందుకే ఈ మందుల్లో "ఇంకో మూత ఎక్కువ వేస్తే బాగా పనిచేస్తుంది" అనే మాట అస్సలు పనికిరాదు.

గుడ్ల గురించి ఒక్క ముక్క

గుడ్లలో కూడా హార్మోన్ కథ ఉంది గానీ రైతు చేతిలో ఉండేది తక్కువ. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల రకం) తల్లి చిలక తాను గుడ్డులో పిండంగా ఉన్నప్పుడు 25 డిగ్రీల వెచ్చదనంలో, వెలుతురులో పెరిగితే, ప్యూపా దశలో దాని ఒంట్లో డయాపాజ్ హార్మోన్ విడుదలై అది పెట్టే గుడ్లు నిద్రలోకి పోతాయి. అదే 15 డిగ్రీల చలిలో, చీకట్లో పెరిగితే దాని గుడ్లు నిద్ర లేకుండా నేరుగా పొదుగుతాయి. అంటే తల్లి గుడ్డులో ఉన్నప్పటి వాతావరణం పిల్లల సంగతి తేలుస్తోందన్నమాట! గ్రైనేజీల్లో, అంటే గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో, వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గుడ్లను ముంచి తీసేది ఈ నిద్ర పట్టకుండా చేయడానికే. ఇంట్లో మిగిలిన గూళ్ల నుంచి చిలకలు వస్తే వాటి గుడ్లతో ఇంకో పంట తీద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. నిద్ర సంగతి అలా ఉంచితే, సంకర జాతి పిల్లల్లో ఒకే తీరు ఉండదు, పెబ్రిన్ రోగం పరీక్ష కూడా మీ చేతిలో లేదు.

జ్వరం: ముట్టుకోకుండా ఉండటమే పని

నాలుగు జ్వరాలు, ఐదు దశలు అని అందరికీ తెలిసిందే. మొదటి రెండు చాకీ కేంద్రంలోనే, అంటే పసి పురుగులను పెంచి రైతులకిచ్చే చోటే, అయిపోతాయి కాబట్టి చాలామంది రైతులు చూసేది మూడో జ్వరం, నాలుగో జ్వరం. ఎక్డైసోన్ పెరగడం మొదలైతే పురుగు మేత తగ్గించేస్తుంది, ఒళ్లు బిగిసి నున్నగా మెరుస్తుంది, తల పైకెత్తి కదలకుండా కూర్చుంటుంది. దగ్గరగా చూడండి: పాత చిన్న తల వెనకాల, చర్మం కింద, ముక్కోణంలా ముదురు మచ్చ కనబడుతుంది. అది లోపల తయారవుతున్న కొత్త, పెద్ద తల. ఆ మచ్చ కనబడిందంటే ఆ పురుగు ఇక తినదు, మీరు ఎంత లేత ఆకు వేసినా సరే.

ఇంకో సంగతి కంటికి సులువుగా కనబడదు. జ్వరానికి కూర్చునే ముందు పురుగు కింద ఆకు మీద సన్నటి పట్టు దారాలు అల్లి, తన వెనక కాళ్లను దానికి బిగించుకుంటుంది. లేచేటప్పుడు పాత చర్మం ఆ దారాలకు పట్టుకుని అక్కడే ఉండిపోతే పురుగు ముందుకు పాక్కుంటూ బయటికొస్తుంది. మీరు పడక శుభ్రం చేస్తానని, దూరం దూరంగా పరుస్తానని దాన్ని ఆ సమయంలో లాగి తీస్తే పట్టు ఊడిపోతుంది. పాత చర్మం తోక దగ్గర ఇరుక్కుని, విడవలేక పురుగు చస్తుంది. కాబట్టి పడక శుభ్రం చేయడం, పలచగా సర్దడం అన్నీ జ్వరానికి ముందే అయిపోవాలి.

మేత ఎప్పుడు ఆపాలన్న దగ్గర ఎక్కువమంది తడబడతారు. నూటికి తొంభై పైన కూర్చున్నాక ఆపేయండి. మిగతా కొన్ని ఇంకా తింటున్నాయి కదా అని పాపం అనుకుని ఆకు వేస్తూ పోతే, కూర్చున్నవాటి మీద తడి ఆకు పేరుకుని గాలాడదు, అవి సరిగ్గా లేవవు. ఆపగానే పడక ఆరడానికి సున్నం పొడి పలచగా చల్లి, కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి. దాదాపు ఒక పగలు ఒక రాత్రి పడుతుంది. చలికాలంలో ఇంకాస్త ఎక్కువే. కంగారు పడొద్దు.

లేచాక మళ్లీ మొదటి మేత వేయడంలోనే పంట సగం తేలిపోతుందని నా అభిప్రాయం. లేచిన కొన్ని పురుగులు తల ఊపుతూ ఆకు కోసం వెతుకుతుంటే వేసేయాలనిపిస్తుంది. ఆగండి. నూటికి తొంభై ఐదు లేచేదాకా ఆగి, విజేత లాంటి పడక శుద్ధి పొడి చల్లి, అరగంట తర్వాత ఒకేసారి మేత వేయండి. ఎందుకంటే పురుగు ఒక స్థాయికి పెరిగిందాకా మెదడు పి.టి.టి.హెచ్. వదలదు. ముందు లేచిన పురుగు ముందు తింటే ముందు పెరుగుతుంది, దాని ఎక్డైసోన్ కూడా ముందే పెరుగుతుంది. ఈ రోజు ఆరు గంటల తేడా అనుకున్నది చివరికి పండే, అంటే గూడు కట్టడానికి సిద్ధమయ్యే, వేళకు రోజు తేడా అయి కూర్చుంటుంది. పడక కిక్కిరిసి ఉన్నా అంతే. కింద పడిన పురుగుకు సరిగ్గా ఆకు అందదు, అది వెనకబడుతుంది. ఒకే రోజు పండాలి అనుకునేవాళ్లు చాకీ నుంచి తెచ్చిన రోజు నుంచే ఒకేలా మేపుకుంటూ రావాలి, చివర్లో మందుతో సరిచేద్దామంటే కుదరదు.

ఐదో దశ, జువెనైల్ మందు

మొత్తం పురుగు జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పైన ఈ ఐదో దశలోనే పోతుంది. 100 గుడ్లు అంటే, అంటే వంద తల్లి చిలకలు పెట్టిన గుడ్లు అంటే, దాదాపు 40,000 పురుగులు. అవన్నీ ఈ వారం రోజుల్లో తినే శబ్దం రాత్రిపూట షెడ్డు బయటికి కూడా వినబడుతుంది. ఈ దశ మొదట్లో జువెనైల్ హార్మోన్ ఒంట్లోంచి పడిపోతుంది. ఇక పట్టు గ్రంథులు పెరగడం మీదే పురుగు ధ్యాస. ఆ తర్వాత ఎక్డైసోన్ కొంచెం పెరిగితే మేత మాని తిరగడం, గూడు కట్టడం. గూట్లో ఉన్నాక మళ్లీ బాగా పెరిగితే ప్యూపా.

జువెనైల్ హార్మోన్‌ను పోలిన మందును అతి తక్కువ మోతాదులో, ఐదో దశ రెండో మూడో రోజున ఇస్తే ఆ పడిపోవడం కొంచెం ఆలస్యమై, పురుగు ఒక రోజు అటూ ఇటూగా ఎక్కువ తిని, గూడు కాస్త బరువు తూగుతుంది. ఇది నిజమే, పరిశోధనల్లో తేలిందే. కానీ మీ షెడ్డులో వాడాలా? నన్నడిగితే మామూలు రైతుకు అక్కర్లేదు. ఆ ఎక్కువ రోజుకు ఎక్కువ ఆకు కావాలి, ఇప్పటికే ఆకు చాలక పక్క ఊరి నుంచి కొంటున్నవాళ్లకు అది నష్టమే. ఎండాకాలంలో, వానాకాలంలో ఒక రోజు ఎక్కువ అంటే రోగం రావడానికి ఒక రోజు ఎక్కువ. డోసు పెరిగితే పురుగు పెరుగుతూనే ఉంటుంది గానీ పండదు, చివరికి గూడు కట్టకుండానే చచ్చిపోతుంది. తప్పకుండా వాడాలనుకుంటే, ఆకు మిగులు ఉన్నప్పుడు, చల్లటి నెలల్లో, పట్టు పరిశ్రమ శాఖ వాళ్లు చూసి చెప్పిన మందును, ముందు ఒక తట్ట పురుగులకు మాత్రం ఇచ్చి చూడండి.

పండించే మందు: సంపూర్ణ

ఇది వేరే. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ తయారుచేసిన సంపూర్ణ అనే మందు మొక్కల నుంచి తీసిన ఎక్డైసోన్ రకం. మొక్కల్లో ఎక్డైసోన్ ఏంటి అనుకోకండి. పాలకూరలో ఉంది, మన ఉత్తరేణిలో కూడా ఉంది. ఆకు తినే పురుగుల పెరుగుదల చెడగొట్టడానికి మొక్కలు పెట్టుకున్న ఆయుధం అది. అలాగని ఉత్తరేణి దంచి రసం తీసి మల్బరీ మీద చల్లే ప్రయోగాలు చేయకండి. ఏ మొక్కలో ఏ కాలంలో ఎంత ఉంటుందో చెప్పలేం, డోసు తెలియని హార్మోను పురుగుకు పెట్టడం అంటే జూదమే.

సంపూర్ణ ఎప్పుడు వాడాలో గుర్తుపట్టడానికి గోడ మీది క్యాలెండర్ కంటే పురుగునే చూడండి. ఐదో దశ చివర్లో పడకలో మొట్టమొదటి పండు పురుగులు కనబడతాయి. తినడం మానేస్తాయి, ఒళ్లు కొంచెం కుదించుకుని పసుపు ఛాయలో, వెలుతురుకు పట్టి చూస్తే పారదర్శకంగా కనిపిస్తుంది, రెట్ట మెత్తబడుతుంది, పడక అంచుల వైపు పాకుతూ తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంటాయి. నూటికి ఐదు దాకా ఇలా కనబడ్డాక మాత్రమే మందు. అంతకంటే ముందు ఇస్తే ఇంకా పట్టు నిండని పురుగును బలవంతంగా పండించినట్టవుతుంది, గూళ్లు పలచగా, తేలిగ్గా వస్తాయి, మార్కెట్లో రేటు పడిపోతుంది. ఆలస్యంగా ఇస్తే ఇవ్వడం దండగ, ఎలాగూ అవి పండిపోతున్నాయి.

సీసా మీద రాసిన లెక్క ప్రకారమే నీళ్లలో కలపండి. ఎంత ఆకు మీద చల్లాలో కూడా అందులోనే ఉంటుంది. ఒక మేతకు సరిపడా ఆకు మీద రెండు వైపులా పడేలా చల్లి, తడి కాస్త ఆరనిచ్చి, అన్ని పురుగులకూ సమంగా అందేలా వేయండి. అది పూర్తిగా తినేదాకా పైన మామూలు ఆకు వేయొద్దు. కొన్ని పురుగులు మందు ఆకు, కొన్ని మామూలు ఆకు తింటే ఈ పనంతా చేసి ఏం ప్రయోజనం? తర్వాత కూడా మేత పూర్తిగా ఆపేయకుండా, తినేవాటికి పలచగా వేస్తూ ఉండండి. ఉరామరిగ్గా ఒక పగలు రాత్రి గడిచేలోపు ఎక్కువ భాగం పండుతాయి. అందుకే వేళ కూడా చూసుకోండి. సాయంత్రం మేతలో ఇస్తే మర్నాడు మధ్యాహ్నం నుంచి సాయంత్రంలోపు పండు పురుగులు చేతికొస్తాయి, కూలీలు పగటి వెలుగులో ఏరుకుంటారు. పొద్దున ఇచ్చారంటే అర్ధరాత్రి టార్చ్ లైట్ పట్టుకుని మీరూ మీ ఇంట్లోవాళ్లూ ఏరాల్సి ఉంటుంది. చంద్రికలు, అంటే పురుగులు గూడు కట్టే తడికలు, ముందే కడిగి, ఎండబెట్టి, సిద్ధంగా పెట్టుకోండి. ఒకేసారి పండినప్పుడు చంద్రికలు చాలకపోతే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

ప్రతి పంటకూ ఈ మందు కావాలని నేనను. పురుగులు ఒకేలా పెరిగి, కూలీలు దొరికే ఊరైతే దాని అవసరమే పెద్దగా రాదు. ఆకు ఇక ఒక్క రోజుకే ఉంది అన్నప్పుడు, చివరి రోజుల్లో రోగం తొంగిచూస్తున్నప్పుడు, రెండు మూడు రోజులు కూలీలను పెట్టుకునే స్తోమత లేనప్పుడు అది నిజంగా ఆదుకుంటుంది. జ్వరంలో ఒక రోజు వెనకబడిన పురుగులను ముందున్నవాటితో కలిపేయడానికి మాత్రం వాడకండి. వెనకబడినవాటికి గూడు వస్తుంది గానీ అందులో పట్టు ఉండదు.

చంద్రిక ఎక్కించాక

పండు పురుగు గూడు మొదలుపెట్టే ముందు కడుపులో ఉన్నదంతా ఖాళీ చేస్తుంది, చివరగా మూత్రం కూడా వదులుతుంది. ఇది కూడా ఎక్డైసోన్ చేయించే పనే. ఒక్క పురుగుకైతే చుక్క, 40,000 పురుగులకు లెక్క వేసుకోండి. అందుకే చంద్రికల కింద పేపరు పరిచి, తడిసింది తీసేస్తూ, గది తలుపులు బిగించకుండా గాలి ఆడనివ్వాలి. తేమ ఎక్కువైతే దారం సరిగ్గా విడవదు, రీలింగ్ చేసేవాళ్లు, అంటే గూడు నుంచి దారం తీసేవాళ్లు, గూడు ముట్టుకోగానే పసిగట్టేస్తారు. 24, 25 డిగ్రీలు, 60 నుంచి 65 శాతం తేమ ఉంటే బాగుంటుంది. 6×4 అడుగుల చంద్రిక మీద 900 నుంచి 1000 పురుగులకు మించి వేయకండి. ఎక్కువైతే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టే జంట గూళ్లు పెరుగుతాయి.

ఇక గూళ్లు తీసే రోజు. గూడు బయటికి పూర్తయినట్టు కనబడినా లోపల పురుగు ఇంకా ప్యూపా అయి ఉండకపోవచ్చు, లేదా అయినా చర్మం ఇంకా పచ్చిగా, లేతగా ఉంటుంది. అప్పుడు దులిపి బస్తాలకెత్తితే అది పగిలి గూడు లోపలి నుంచి మరక పడుతుంది. రెండు మూడు గూళ్లు కోసి చూడండి. ప్యూపా గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉంటేనే తీయాలి. బైవోల్టిన్‌కు ఎక్కించిన ఆరో ఏడో రోజు, బహుసంతతి రకాలకు ఐదో ఆరో రోజు అనేది మామూలు లెక్క. చలికి అది ఇంకాస్త జరుగుతుంది. మరీ నిలవ ఉంచినా ప్రమాదమే, చిలక గూడు తొలుచుకుని బయటికొస్తే అది రీలింగ్‌కు పనికిరాదు. ఆ బయటికి రావడాన్ని కూడా ఎక్లోజన్ హార్మోన్ అని ఒకటి నడిపిస్తుంది, అందుకే చిలకలు ఎప్పుడంటే అప్పుడు కాకుండా తెల్లవారుజామునే ఎక్కువగా బయటపడతాయి.

పురుగు పండకపోతే: పక్క పొలం వైపు చూడండి

అన్నీ సక్రమంగా చేసినా ఒక్కోసారి ఐదో దశ పదో రోజు, పన్నెండో రోజు వచ్చినా పురుగులు లావుగా, తెల్లగా, హాయిగా తింటూనే ఉంటాయి. రోగం లేదు, చావు లేదు, పండటం లేదు. ఇలాంటిది కనబడితే ముందు అనుమానించాల్సింది ఆకు మీద పడిన జువెనైల్ హార్మోన్ పోలిన పురుగుమందును.

ఇటలీ ఉత్తర భాగంలో 1980ల చివర సరిగ్గా ఇదే జరిగింది. వేల పురుగులు ఐదో దశలో గూడు కట్టకుండా ఆగిపోయాయి. చివరికి తేలింది ఏంటంటే, చుట్టుపక్కల పండ్ల తోటల్లో వాడుతున్న ఫెనాక్సీకార్బ్ అనే మందు గాలికి మల్బరీ ఆకుల మీద పడుతోంది. అది జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే మందు, చాలా కొంచెం పడినా పట్టుపురుగుకు చాలు. అక్కడి పట్టు సాగు దీంతో గట్టి దెబ్బ తింది.

మన దగ్గర ఆ జాగాలో ఉన్నది పైరిప్రాక్సిఫెన్. పత్తి, మిర్చి, వంగ మీద తెల్లదోమకు కొడతారు, ఒంటిగానూ వస్తుంది, ఇంకో మందుతో కలిపీ వస్తుంది. డబ్బా మీద బ్రాండు పేరు ఏదైనా ఉండొచ్చు, కింద చిన్న అక్షరాల్లో రాసిన రసాయనం పేరు చదవాలి. మిగతా పురుగుమందులు పడితే తెలిసిపోతుంది: పైరిత్రాయిడ్లు, క్లోరాంట్రానిలిప్రోల్ లాంటివి ఆకులో ఉంటే పురుగులు గంటల్లోనే మేత మాని, కుంచించుకుపోయి, కక్కుకుని చస్తాయి. నొవాల్యురాన్, లుఫెన్యురాన్ లాంటివి కొత్త చర్మం తయారు కానివ్వవు కాబట్టి జ్వరం నుంచి లేచే వేళ చర్మం చిట్లి చస్తాయి. పైరిప్రాక్సిఫెన్ ఒక్కటే మిమ్మల్ని చివరి వారం దాకా ఆశపెట్టి మోసం చేస్తుంది.

ఇక్కడే వేప నూనె గురించి కూడా చెప్పాలి. సహజమైనది కాబట్టి ఏమీ కాదు అనుకుని మల్బరీ మీద కొట్టి రెండు రోజులకే కోసి వేసేవాళ్లున్నారు. వేపలో ఉండే అజాడిరాక్టిన్ చేసే పనే ఎక్డైసోన్ విడుదలను అడ్డుకోవడం. పురుగులు మేత తగ్గించి, జ్వరానికి కూర్చుని, లేవలేకపోతాయి. పిండినల్లికి వేప మందు కొట్టాల్సి వస్తే ఆకు కోతకు ఎన్నాళ్లు ఆగాలో పట్టు శాఖ వాళ్లను అడిగి, అన్నాళ్లూ ఆగండి.

పండని పురుగులన్నీ మందు వల్లే అనుకోవడమూ పొరపాటే. చర్మం కణుపుల దగ్గర ఉబ్బి, గిల్లితే పాలలాంటి ద్రవం కారితే అది గ్రాసరీ, పాలరోగం. అక్కడ చేయాల్సింది వేరే: ఆ పురుగులను సున్నం నీళ్లలో వేసి దూరంగా పూడ్చడం, పడక శుద్ధి. షెడ్డులో వేడి ముప్పై దాటి, గాలి ఆడక ఉక్కపోస్తున్నా పురుగులు సరిగ్గా గూడు కట్టవు. కొన్ని పురుగులను పక్కకు తీసి చల్లటి, గాలి ఉన్న చోట పెట్టి చూడండి. అక్కడ గూడు కడితే తప్పు షెడ్డుదే, ఆకుది కాదు.

ముందు జాగ్రత్త అంటే నిజానికి మాట్లాడుకోవడమే. మీ మల్బరీకి గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుని, ఆ వైపు పొలం అన్నను కలిసి "అన్నా, తెల్లదోమకు కొట్టే ముందు ఒక్క మాట చెప్పు, డబ్బా చూపించు" అని అడగండి. చాలామంది చెబుతారు. కొట్టిన రోజు, మందు పేరు, గాలి వైపు ఒక నోటుబుక్కులో రాసుకోండి. అంచున ఉన్న నాలుగైదు సాళ్ల ఆకును ఐదో దశకు వాడకుండా వదిలేయండి, మందు కొట్టిన స్ప్రేయర్, డ్రమ్ము మల్బరీ తోటలోకి అసలు రానివ్వకండి.

అనుమానం ఉన్న ఆకును పరీక్షించే పద్ధతి కూడా మార్చుకోవాలి. పది పురుగులకు వేసి, సాయంత్రానికి చావలేదు కాబట్టి ఆకు మంచిదే అనుకోవడం మామూలు పురుగుమందులకు సరిపోతుంది, దీనికి సరిపోదు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు కొన్నిటిని విడి తట్టలో పెట్టి, వరుసగా ఆ ఆకే మేపి, పక్కనే ఇంకో తట్టలో మంచి తోట ఆకు మేపిన పురుగులను పెట్టుకుని రెండూ పండేదాకా చూడాలి. దీనికి మీ పంట కంటే కొన్ని రోజులు ముందున్న పురుగులు కావాలి కాబట్టి ఊళ్లో ముందు బ్యాచ్ దించిన రైతును అడిగి తెచ్చుకోవడం తేలిక. రెండు తట్టలూ ఒకే రోజు గూళ్లకు ఎక్కితేనే ఆ సాళ్ల ఆకు కోసి షెడ్డులోకి తీసుకెళ్లండి.